అయిదు లీటర్ల పంతం

మా అక్క ఉండే ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడివాళ్ళు చదివి, ఫలానా మాట మా గురించేనా అని అక్కని నిలదీస్తారు. అక్క ఇంకా ఆ ఊళ్ళో కాపురం చేసుకోవాలి. గుర్తుకి ఇంత చాలు: కృష్ణ సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతల, బస్సు వెనక్కి తిరగడం తప్ప ముందుకు పోయే దారి లేని ఊరు. "దిగండి, దిగండి, ఇంకెక్కడికీ పోదు" అని కండక్టరు అరుస్తాడట. ఆ ఊరి గురించి అమ్మ మొదటిసారి వెళ్ళొచ్చి చెప్పిన మాట అదే. తర్వాత విన్న చరిత్రంతా నాకు ఆ మాటకి వివరణలాగే అనిపించింది.

మాది తిరువూరు. సముద్రంతో మాకున్న సంబంధం ఉప్పు ప్యాకెట్టు వరకే. మా నాన్న మామిడి తోటలు కౌలుకి తీసుకుని, కాయ కోయించి, గడ్డిలో మాగబెట్టి అమ్ముతాడు. విస్సన్నపేట, ఎ.కొండూరు చుట్టుపక్కల ఏ తోటలో ఏ చెట్టు ఏ ఏడు కాయదో ముందే చెప్పగలడు. సొంత కూతురు ఎవర్ని ప్రేమిస్తోందో మాత్రం చెప్పలేకపోయాడు. అక్క విజయవాడలో నర్సింగు చదువుతుండగా ఒకతను పరిచయమయ్యాడు. చదువు అయిపోయింది, పరిచయం అవలేదు. రిజిస్టరు ఆఫీసులో పెళ్ళి చేసుకుని, అతని ఊరికి వెళ్ళిపోయింది.

నాన్న అభ్యంతరం కులం కాదు, డబ్బు కాదు. సముద్రం.

"ఉప్పెనొచ్చిన ఊరికి పిల్లనిస్తానా నేను?" అన్నాడు.

"మనం ఇవ్వలేదుగా. అదే వెళ్ళింది," అంది అమ్మ.

అప్పుడు నాన్న ఇంటి నడిమధ్యన నిలబడి, "ఆ ఊళ్ళో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను" అని ప్రకటించాడు. కాచి చల్లార్చినవైతే పర్లేదా అని నేను అడిగాను. అమ్మ నా మీదికి గ్లాసు విసిరింది. మా ఇంట్లో గంభీరమైన సందర్భాలన్నీ ఇలాగే ముగుస్తాయి, గిన్నెల సొట్టలతో.

రెండేళ్ళు గడిచాయి. అమ్మ రెండుసార్లు వెళ్ళొచ్చింది. నాన్న ఒక్కసారి కూడా "ఎలా ఉంది?" అని అడగలేదు. అమ్మ వంటింట్లో నాకు చెబుతుంటే, ముందుగదిలో టీవీ సౌండు మాత్రం తగ్గించేవాడు.

పోయిన ఏప్రిల్లో అక్క నాకు ఫోన్ చేసింది. "ఒరేయ్, నాన్నని ఒక్కసారి తీసుకురారా. నా ఇంట్లో ఒక్కపూట తింటే చాలు. నాతో మాట్లాడకపోయినా ఫర్లేదు." ఆఖరి మాట దగ్గర గొంతు తెగి తెగి వచ్చింది. సిగ్నల్ సరిగా లేదేమోనని ఫోన్ చూసుకున్నాను. నాలుగు గీతలూ ఉన్నాయి.

సాకు దొరకాలి కదా. తొలికాపు బంగినపల్లి అప్పుడే దిగుతోంది. అటువైపు ఒక పండ్ల కొట్టాయన ముప్పై పెట్టెలు కావాలన్నాడు. సరుకు మనమే దింపుదామని నాన్నకి నూరిపోశాను. "అక్కావాళ్ళ ఊరు దారిలోనే," అన్నాను. నిజానికి కొట్టు దాటాక ఇంకో గంట. నాన్నకి ఆ సంగతి తెలుసు, తెలియనట్టు ఊరుకున్నాడు. అబద్ధానికి ఇద్దరు కావాలి, చెప్పేవాడొకడు, నమ్మినట్టు కనిపించేవాడొకడు.

"దింపేసి, దాని మొహం చూసి, సాయంత్రానికి వచ్చేద్దాం," అన్నాడు.

తెల్లారగట్లే బయల్దేరాం. మా ట్రాలీ ఆటోలో వెనక మామిడి పెట్టెలు, ముందు మా ఇద్దరి కాళ్ళ మధ్య అయిదు లీటర్ల నీళ్ళ క్యాను. తిరువూరు నీళ్ళు. దాని పక్కన అమ్మ కట్టిచ్చిన పెరుగన్నం క్యారేజీ. మా నాన్న వెళ్తున్నది కూతురి ఇంటికి, తీసుకెళ్ళిన సామాను మాత్రం యుద్ధానికి.

విస్సన్నపేట దాటి, నూజివీడు దాటి, ఎర్రనేల నల్లనేల అయ్యేదాకా నాన్న హాయిగానే ఉన్నాడు. దారిలో ప్రతి తోటనీ పలకరించాడు. "ఈ తోటకి మందు ఎక్కువైంది." "వీడు తొందరపడి కోశాడు." పామర్రు దాటాక మామిడి చెట్లు అయిపోయాయి. చెప్పడానికి ఏమీ మిగల్లేదు. నేల బల్లపరుపుగా అయిపోయి, ఆకాశం పక్కకి వచ్చి కూర్చుంది. రోడ్డుకి రెండు వైపులా చేపల చెరువులు, వాటి మీద కొంగలు.

"ఒక్క గుట్ట కూడా లేదేంట్రా," అన్నాడు చాలాసేపటికి. "నీళ్ళొస్తే జనం ఎక్కడికి ఎక్కుతారు?"

ఆ ప్రశ్న రెండేళ్ళుగా ఆయన లోపలే తిరుగుతోందని నాకు అప్పుడు తెలిసింది. జోకు వేద్దామనుకున్నాను. గేరు మార్చాను.

కొట్టు దగ్గర సరుకు దింపి, ఒక్క పెట్టె మిగుల్చుకున్నాడు. "మిగిలిపోయింది, మీ అక్కకిచ్చేయ్," అన్నాడు. అందులో కాయలన్నీ ఒకే సైజువి, ఒక్కదానికీ మచ్చ లేదు. మిగిలిపోయిన కాయలు అంత అందంగా ఉండటం నేను ఎక్కడా చూడలేదు.

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఆసుపత్రికి సెలవు పెట్టుకుంది. "బాగున్నావా నాన్నా?" అంది. నాన్న ఇంటి కప్పుకేసి చూసి, "స్లాబు గట్టిదేనా?" అన్నాడు. రెండేళ్ళ తర్వాత తండ్రీ కూతుళ్ళ మొదటి సంభాషణ అది. ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు. కళ్ళల్లో ఇసుక పడిందని నేను అనుకున్నాను, ఆ ఊళ్ళో ఇసుకకేం కొదవ.

నాన్న లోపలికి రాలేదు. ఇంటి ముందు తాటాకు పందిరి కింద మంచం మీద కూర్చుని, పెరుగన్నం విప్పుకున్నాడు. లోపల అక్క రొయ్యలు, పీతలు, పండుగొప్ప చేప పులుసు, అన్నీ పళ్ళాల మీద పళ్ళాలు బోర్లించి ఉంచింది. ఆ వాసన పందిరి కిందికి వస్తోంది. నాన్న గాలికి ఎదురుగా తిరిగి కూర్చుని పెరుగన్నం తిన్నాడు, క్యానులోంచి గ్లాసు వంచుకుని తాగాడు. అక్క గడప దగ్గరే నిలబడి చూసింది. ఆ రొయ్యలన్నీ నేనే తిన్నాను. తమ్ముడిగా నాకున్న బాధ్యతలు అలాంటివి.

మా బావ గురించి చెప్పాలి. సన్నగా, ఎండకి మాడిన మనిషి. తీరంలో తాబేళ్ళ గుడ్లకి కాపలా కాసే పని. ఏటా ఎండలు ముదరకముందే తాబేళ్ళు సముద్రంలోంచి ఒడ్డుకి వచ్చి, ఇసుకలో గుంట తవ్వి గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. వదిలేస్తే నక్కలూ కుక్కలూ తినేస్తాయి. అందుకని వీళ్ళు తెల్లారకముందే తీరం పొడుగునా నడిచి, ఆ గుడ్లు ఏరి తెచ్చి, వల కట్టిన దడిలో మళ్ళీ అలాగే గుంటలు తీసి పూడుస్తారు. పిల్లలు బయటికి వచ్చినప్పుడు సముద్రంలో వదులుతారు.

"అంటే పెంచరు, అమ్మరు, తినరు?" అన్నాడు నాన్న. బావతో కాదు, నాతో. ఆ రోజంతా బావతో ఏం అనాలన్నా నాతోనే అన్నాడు.

"పెంచం మామయ్యగారూ. వదిలేస్తాం."

"అడుగు, వదిలేసినవి మళ్ళీ వస్తాయా అని."

"నాన్న అడుగుతున్నాడు బావా, మళ్ళీ వస్తాయా అని," అన్నాను. అర గజం దూరంలో కూర్చున్న ఇద్దరి మధ్య నేనొక సెల్ టవర్ని.

"ఎక్కడెక్కడో తిరిగి, గుడ్లు పెట్టే వయసుకి ఈ తీరానికే వస్తాయంటారండి."

నాన్న ఖాళీ క్యారేజీకి మూత బిగించాడు.

మధ్యాహ్నం ఎండ తగ్గాక బావ ఊరు చూపిస్తానన్నాడు. నాన్న రానంటాడనుకున్నాను. వచ్చాడు. ఇంట్లో కూర్చుంటే అక్క కంచం పెడుతుంది, కంచం కంటే సముద్రం నయమనుకున్నట్టున్నాడు.

మొదట ఒక మొండిగోడ చూపించాడు బావ. డచ్చివాళ్ళో, ఇంకెవరో దొరలో కట్టిన గిడ్డంగి అట. ఈ తీరం నుంచే ఒకప్పుడు అద్దకం బట్టలు ఓడలెక్కి దేశాలు దాటేవట. గోడ మీద ఇప్పుడు వలలు ఆరేసి ఉన్నాయి. పక్కన ఒక సమాధి, దాని మీద ఎవరికీ చదవటం రాని అక్షరాలు, అక్షరాల మీద మేక. చరిత్ర అంటే మేకలకి నిలబడటానికి ఎత్తయిన చోటు అనిపించింది నాకు. మరీ చులకన చేశానేమోగానీ, ఆ చదును నేల మీద నిజంగానే అంతకంటే ఎత్తయిన చోటు కనిపించలేదు.

తర్వాత పడవలో మడ అడవిలోకి వెళ్ళాం. చెట్ల వేళ్ళు నీళ్ళలోంచి పైకి లేచి, ఊపిరి కోసం మెడలు చాపినట్టున్నాయి. బురదలో చేపలు కప్పల్లా గెంతుతున్నాయి. నీలం రెక్కల లకుముకి పిట్ట ఒకటి మా ముందు ముందే ఎగురుతూ, కొమ్మ మీద వాలి, మేం రాగానే మళ్ళీ ఎగిరిపోయింది. బావురు పిల్లి అని, చేపలు పట్టే అడవిపిల్లి ఉంటుందట. దాన్ని చూడాలని ఎక్కడెక్కడినుంచో వస్తారట. బురద మీద దాని అడుగులు చూపించాడు బావ. "వచ్చినోళ్ళందరికీ ఇవే చూపిస్తాం బామ్మర్దీ. పిల్లిని నేనే మూడుసార్లు చూశాను, పుట్టాక."

పడవ ఊగినప్పుడల్లా నాన్న పక్కచెక్కని పట్టుకున్నాడు. "భయమా నాన్నా?" అన్నాను. "చెక్క గట్టిదో కాదో చూస్తున్నా," అన్నాడు.

తిరిగొచ్చే దారిలో ఉప్పెన స్తంభం ఉంది. పోయినవాళ్ళ పేర్లు చెక్కారు. నాన్న దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదవడం మొదలుపెట్టాడు. ఒకచోట వేలు ఆగింది. అక్కడినుంచి కింది దాకా ఒకటే ఇంటిపేరు. బావది.

"మా తాతా, ఆయన వీపు మీదున్న మా నాన్నా, ఇద్దరే మిగిలారండి. తాడిచెట్టు పట్టుకుని," అన్నాడు బావ.

"ఆ చెట్టుందా?" నాన్న నాకేసి చూసి అడిగాడు. నేను మళ్ళీ అడగక్కర్లేకుండానే బావ చెరువుగట్టు మీద చెయ్యి చూపించాడు. గట్టు మీద తాడిచెట్లు చాలా ఉన్నాయి. ఏది అన్నది తాత చెప్పలేదట. అన్నీ ఒకేలా ఉన్నాయి, ఆ పూట ఎవరు చూశారు ఏ చెట్టో, అనేవాడట.

"అయినా ఇక్కడే ఉన్నారేం మరి?" అన్నాడు నాన్న, నాకేసే చూస్తూ. కొంచెం గట్టిగానే.

"మీ వైపు ఎండకి ఏటా మనుషులు పోవట్లేదా మామయ్యగారూ? ఊరొదిలేశారా?"

నాన్న మళ్ళీ స్తంభం వైపు తిరిగాడు. నా దగ్గర మూడు జోకులున్నాయి, ఒక్కటీ బయటికి రాలేదు. వయసు మీద పడుతోందేమోనని దిగులు వేసింది.

సాయంత్రం దడి దగ్గరికి వెళ్ళాం. ఇసుకలో వరసగా గుంటలు, ఒక్కోదాని మీద తేదీ రాసిన చిన్న చెక్క. నాన్న వెనక ట్రాలీ దగ్గర క్యానులోంచి నీళ్ళు తాగుతున్నాడు. బావ ఒక గుంట దగ్గర చతికిలబడి, ఇసుక మీద అరచెయ్యి పెట్టాడు.

"ఇది నాకు గుబులుగా ఉంది బామ్మర్దీ. ఈ ఏడు నేను నా చేత్తో పెట్టిన మొదటి గుంట. ఆ రోజు నక్కలు చుట్టూ తిరుగుతుంటే చొక్కా విప్పి కప్పి తెచ్చా. యాభై రోజులకి అటూ ఇటూ బయటికి రావాలి. యాభై ఎనిమిది అయింది."

"తవ్వి చూడొచ్చుగా?"

"అమ్మో! ముట్టుకోకూడదు. గుడ్డు ఏ వైపు పైకుంటే చివరిదాకా ఆ వైపే ఉండాలి. తిప్పామా, లోపల పిల్ల చచ్చిపోతుంది. మామయ్యగారికి కూడా ఓ మాట చెప్పు, గుంటలు కదపొద్దని."

"మా నాన్నా? ఆయన మీ ఊరి నీళ్ళే ముట్టడు, నీ గుడ్లు ముట్టుకుంటాడా?"

బావ పడీ పడీ నవ్వాడు. జోకు బాగా పేలిందని నాకూ సంబరంగా ఉంది. ఆ సంబరంలో, చెప్పమన్న మాట నాన్నకి చెప్పలేదు.

నాన్న వచ్చాడు. బావ ఎందుకు దిగులుగా ఉన్నాడో నేను చెప్పాను. నక్కలు, చొక్కా, యాభై ఎనిమిది రోజులు, అన్నీ చెప్పాను. ఒక్క ముఖ్యమైన మాట తప్ప. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, ఇసుకలోకి వేళ్ళు గుచ్చి, కళ్ళు మూసుకున్నాడు. మా ఇంట్లో మామిడి గది తలుపు తీసినప్పుడు అలాగే చేస్తాడు. గడ్డిలోకి చెయ్యి పోనిచ్చి వేడి చూస్తాడు, వాసన చూస్తాడు.

"లోపల ఒకటో రెండో మెత్తబడ్డాయి," అన్నాడు చెయ్యి వాసన చూసుకుని. "అవి పక్కవాటిని పాడు చేస్తాయి."

"చూద్దాం మామయ్యగారూ," అన్నాడు బావ మర్యాదగా.

పొద్దుపోయింది, ఆ రోడ్డు మీద దీపాలు లేవు, తెల్లారాక వెళ్దామన్నాను. నాన్న ఒప్పుకుని ట్రాలీలోనే పడుకున్నాడు. ఆయన దృష్టిలో ట్రాలీ తిరువూరు గడ్డే.

పొద్దున అక్క నన్ను తట్టి లేపింది. "నాన్న లేడురా. ట్రాలీ కూడా లేదు."

ఇంటికి వెళ్ళిపోయాడనుకుంది. అంతలో, రాత్రి బావ చెప్పిన గుంట సంగతి గుర్తొచ్చి స్కూటీ తాళం తీసింది. ఇద్దరం దడి దగ్గరికి వెళ్ళాం. బావా, అతనితో కాపలా ఉండే ఇంకొకతనూ తీరం నడకకి వెళ్ళారు. దడి గడియ తీసి ఉంది. ఆ గడియ కుక్కల కోసం పెట్టింది, మామగార్ల కోసం కాదు.

నాన్న గుంట పక్కన మోచేతుల దాకా ఇసుకతో కూర్చుని ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"మూడు కుళ్ళినవి ఉన్నాయిరా, తీసేశా. మిగతావన్నీ తిరగేసి, మళ్ళీ సర్ది పూడ్చా. అడుగువి పైకి, పైవి అడుక్కి. వేడి ఇప్పుడు సమంగా తగులుతుంది. చెప్పు వాడికి, రెండు రోజుల్లో తేలిపోతుందని."

గడ్డిలో వేసిన కాయని మధ్యలో ఒకసారి తిరగేయాలి. మెత్తబడ్డది తీసేయాలి. ముప్పై ఏళ్ళుగా ఆయన చేతులకి తెలిసిన పని అది. అల్లుడితో మాట్లాడటం రాక, ఆ తెలిసిన పనినే తీసుకెళ్ళి అల్లుడి గుంటలో పెట్టాడు.

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడే బావ వచ్చాడు. గుంటని చూశాడు, పక్కన పడేసిన మూడు గుడ్లని చూశాడు. అరవలేదు. వంగి, ఇసుక పైన కాస్త సర్దాడు, అంతే. అరిచినా బాగుండేది. మా ఇంట్లో అయితే ఈపాటికి రెండు గ్లాసులు సొట్టపోయేవి.

"ఏమైంది?" అన్నాడు నాన్న, అందరి మొహాలూ చూసి.

అక్కే చెప్పింది. "నాన్నా, వాటిని తిప్పకూడదు. తిప్పితే లోపల చచ్చిపోతాయి."

నాన్న తన చేతులు చూసుకున్నాడు. "నాకెవరూ చెప్పలేదే," అన్నాడు చిన్నగా.

బావ నాకేసి చూశాడు. చూసి, "నేనే చెప్పాల్సింది మామయ్యగారూ. మర్చిపోయా," అన్నాడు.

ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడం నాకు ఎప్పుడూ చేతకాదు, ఆ రోజూ కాలేదు. "నాకు చెప్పాడు నాన్నా. నీకు చెప్పమన్నాడు. నేనే చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదురా?"

"జోకేశాను."

నాన్న నన్ను తిట్టలేదు. దాంతో ఇంకెటు చూడాలో తెలియక సముద్రాన్ని చూశాను. దాని పని అది చేసుకుంటోంది.

అప్పుడు నాన్న మొదటిసారి బావ వైపు తిరిగాడు. మధ్యలో టవరు లేకుండా అడిగాడు. "అబ్బాయ్, బతుకుతాయా?"

"మొదటి రోజుల్లో తిప్పితే కష్టమండి. ఇవి ఆఖరికొచ్చాయి కాబట్టి బతికినా బతకొచ్చు. తెలీదు మామయ్యగారూ."

"ఎప్పుడు తెలుస్తుంది?"

"వస్తే తెలుస్తుంది."

"అయితే వచ్చేదాకా ఉంటా," అన్నాడు నాన్న. అమ్మకి నేను ఫోన్ చేశాను. కారణం చెబితే, "మామిడికాయలనుకున్నాడా మనిషి?" అంది. అవును, సరిగ్గా అదే అనుకున్నాడు.

ఆ రోజంతా నాన్న దడి పక్కనే కూర్చున్నాడు. కాకి వాలితే తువ్వాలు విసిరాడు, కుక్క వస్తే కర్ర తీశాడు. దడి లోపల అడుగు పెట్టలేదు. అక్క క్యారేజీ తెచ్చింది. "ఆకలి లేదమ్మా," అన్నాడు. 'అమ్మా' అన్నందుకు అక్క క్యారేజీ వెనక్కి తీసుకెళ్తూ కూడా సంతోషంగానే వెళ్ళింది. ఆ పూట మిగిలిపోయిన పెట్టెలోంచి రెండు పండ్లు తిన్నాడు. సొంత కాయలే కాబట్టి పంతానికి భంగం లేదు.

నీళ్ళ సంగతే చిక్కయింది. ఏప్రిల్ ఎండ, ఉప్పుగాలి, అయిదు లీటర్ల క్యాను. మొదటి రోజు సగం దాటింది. రెండో రోజు మధ్యాహ్నానికి అడుగంటింది. క్యాను ఎత్తి వెలుతురుకి పెట్టి, ఎంతుందో చూడటం, మూత బిగించడం. నేను కొట్టులో నీళ్ళ సీసా కొనుక్కొస్తానన్నాను.

"అదీ ఈ ఊరిదేగా."

"కాదు నాన్నా, సీసా మీద వేరే ఊరు రాసుంటుంది."

"కొన్నది ఈ ఊళ్ళోనేగా."

లాయరు కావాల్సిన మనిషి. సాయంత్రానికి ఆఖరి గుక్క తాగి, క్యాను బోర్లించి పెట్టాడు. అక్క అది చూసింది. నాన్న పెదాలు ఎండి తెల్లగా కనిపిస్తున్నాయి. నర్సు కాబట్టి ఆమెకి ఆ తెల్లదనానికి అర్థం నాకంటే బాగా తెలుసు. ఇంటికి వస్తుంటే దారిలో నాతో అంది: "నేను పిలవకుండా ఉంటే బాగుండేదేమోరా. ఇంటికొచ్చి ఒక్కపూట తినమన్నా, అంతే. ఇప్పుడు ఆ పిల్లలు రాకపోతే నాన్న ఇంక జన్మలో ఇటు చూడడు. తప్పు చేసిన చోటికి ఆయన మళ్ళీ వెళ్ళడు."

నిజమే. చిన్నప్పుడు ఒక తోటలో కాయ పచ్చిగా కోయించి నష్టపోయాక, ఆ తోట ఉన్న దారి మీద కూడా నాన్న వెళ్ళేవాడు కాదు, చుట్టు తిరిగి వెళ్ళేవాడు. ఆ రెండు రోజుల్లో మొదటిసారి ఆ గుడ్ల కోసం నేను దేవుణ్ణి తలుచుకున్నాను. తాబేళ్ళ శాఖ ఏ దేవుడిదో తెలియదు, అందరికీ కలిపి పెట్టుకున్నాను.

మర్నాడు చీకటి విచ్చుకుంటుండగా బావ ఫోన్ చేశాడు. "రండి, రండి" అని మాత్రం వినిపించింది. వెనకాల నాన్న గొంతు: "కదిలింది! కదిలింది!"

వెళ్ళేసరికి గుంట మీద ఇసుక గుల్ల పడి కుంగి ఉంది. ఆ కుంగిన చోట ఇసుక ఉడుకుతున్న అన్నంలా కదిలింది. ఒక నల్లటి తల. దాని మీద కాలేసి ఇంకోటి. తర్వాత లెక్క లేకుండా, ఒకదాన్నొకటి తోసుకుంటూ, మా తిరువూరు బస్టాండులో ఆఖరి బస్సుకి ఎక్కినట్టు వచ్చాయి. ఒక్కోటి అగ్గిపెట్టె అంత. నాన్న దడి బయటే నిలబడి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ముట్టుకుంటానేమోనని ఆయనకే భయంగా ఉంది.

బావ వాటిని తొట్టిలో వేసి నీళ్ళకి కొంచెం దూరంలో తడి ఇసుక మీద వదిలాడు. కాకులు కనిపెట్టాయి. అప్పుడు మా నాన్న, మోకాళ్ళ నొప్పులని పక్కింటి పెళ్ళికి కూడా నడవని మా నాన్న, తువ్వాలు తిప్పుతూ ఒడ్డు మీద ఈ చివరినుంచి ఆ చివరికి పరిగెత్తాడు. "హుష్! హోయ్! అల్లుడూ, అటు చూడు, అటు! ఆ చివర్ది!" తోటలో చిలకల్ని తోలే కేక అది. సముద్రం ఆ కేక ఎప్పుడూ విని ఉండదు.

ఆఖరి పిల్ల అలలోకి జారింది. ఒక్కటి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నాన్న ఆయాసపడుతూ నిలబడ్డాడు. అక్క పక్కనే ఉంది, చేతిలో స్టీలు చెంబు. ఇవ్వనూ లేదు, పిలవనూ లేదు, పట్టుకుని నిలబడింది. నాన్న సముద్రాన్ని చూస్తూనే చెయ్యి చాపి, చెంబు తీసుకుని, ఎత్తి, ఆగకుండా మొత్తం తాగేశాడు. తుడుచుకున్నాడు. అప్పుడు చేతిలో చెంబు వైపు చూశాడు.

మేం ముగ్గురం మూడు వైపులకి చూశాం.

"ఉప్పగా ఉన్నాయి," అన్నాడు.

"చెమట నాన్నా. పెదాల మీద," అంది అక్క.

"అదే అయ్యుంటుంది," అని చెంబు మళ్ళీ చాపాడు.

తర్వాత బావ గుంటలో మిగిలినవి తీశాడు. సగానికి కాస్త తక్కువ గుడ్లు పగల్లేదు. ఒకటి చేతిలోకి తీసుకుని, "ఇవి ఎప్పుడో పోయినవి మామయ్యగారూ. మీరు రాకముందే. రంగు చూస్తే తెలిసిపోతుంది," అన్నాడు. నాన్న ఆ గుడ్డు అడిగి తీసుకుని, ఎండలోకి పట్టి చాలాసేపు చూశాడు. కాయ రంగు చూసి కోసి ఎన్నాళ్ళయిందో చెప్పే మనిషి. గుడ్ల రంగు ఆయనకి ఏం చెప్పిందో తెలియదు. "అవునా," అన్నాడు. గుడ్డు తిరగేయకుండా, పట్టుకున్న వైపే పట్టుకుని, జాగ్రత్తగా అల్లుడి చేతిలో పెట్టాడు. బావ చెప్పింది నిజమో కాదో నేను ఇప్పటికీ అడగలేదు. అడిగితే ఏదో ఒక జోకు వేయాల్సి వస్తుంది.

ఇంటికి వెళ్ళాక గడప దాటే ముందు నాన్న కాళ్ళకున్న ఇసుక దులుపుకున్నాడు. "ఏం వండావే?" అని అడిగాడు. ఆ పూట నాకు రొయ్యలు నాలుగే మిగిలాయి.

క్యాను అక్కడే వదిలేశాం. అక్క దాన్ని కడిగి అటక మీద పెట్టింది. తిరుగుదారిలో నూజివీడులో టీ తాగుతుంటే ఎవరో పరిచయస్తుడు ఎక్కణ్ణుంచి అని అడిగాడు. "మా అల్లుడు తాబేళ్ళ కాపలా చూస్తాడు," అన్నాడు నాన్న. విస్సన్నపేట వచ్చేసరికి అల్లుడు అటవీ శాఖలో చేస్తున్నాడు. తిరువూరు చేరేసరికి ఆఫీసరయ్యాడు. ఇంకో పది కిలోమీటర్లు ఉంటే కలెక్టరయ్యేవాడే, మధ్యలో ఇల్లు వచ్చేసింది.

అమ్మ గుమ్మంలోనే ఆపి నన్ను ఒక్కటే అడిగింది. "నీళ్ళు తాగాడా?"

"తాగాడు. ఉప్పగా ఉన్నాయన్నాడు."

"ఇంట్లో నీళ్ళకీ ఏదో ఒక వంక పెడతాడుగా," అని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ లోపలికి వెళ్ళింది. ముందుగదిలో టీవీ సౌండు తగ్గింది.